గిసాదా పక్కన అంకె

గళ్ళ బల్లగుడ్డ ఒకటి లాగి, కుర్చీ ఎక్కి, గోడమీది నల్లబోర్డుకి కప్పేసింది ఎదెల్మిరా. గుడ్డ ఒక పక్కకి జారింది. జారినచోట అరచెయ్యంత అంకె ఒకటి తెల్లగా బయటికి చూస్తూనే ఉంది.

"అమ్మా, కుర్చీ దిగు. పడతావు," అంది నెరెయ్దా.

"పడితే పడతాను. నేను పడితే ఎన్ని క్యాలరీలో, అది కూడా రాసిపెట్టు."

పొయ్యిమీద చిక్కుడుగింజలు కుతకుతలాడుతున్నాయి. వెస్లకో ఊరి చుట్టూ నారింజ తోటలు పూసే రోజులు అవి. జాలీ తలుపు వేసి ఉన్నా ఆ వాసన ఎవర్నీ అడక్కుండా లోపలికొచ్చి, వేగుతున్న ఉల్లిపాయల వాసన పక్కన కూర్చుంటోంది. ఆ వాసన తగిలితే మనిషికి కోపం కూడా నిద్రమత్తుగానే వస్తుంది. ఎదెల్మిరాకి మాత్రం ఈ ఉదయం మత్తు దిగిపోయింది.

చెల్లెలికి ఒంట్లో బాగాలేదంటే చూడ్డానికి నది దాటి వెళ్ళింది తను. నిన్న సాయంత్రం తిరిగొచ్చింది. తెల్లారి కొట్టు తలుపు తీసేసరికి, ఇన్నేళ్ళుగా తన చేత్తో వండుతున్న ప్రతి వంటకం పక్కనా కూతురు చేతిరాతలో ఒక అంకె. పేర్ల కంటే అంకెలే పెద్దవి. గిసాదా పక్కన పదకొండువందల యాభై. మాంసం ముక్కలు మెత్తబడేదాకా జీలకర్ర, ఎండుమిరప ముద్దతో ఉడికించి, చిక్కుడుగింజలు, అన్నం, వేడి మైదా రొట్టెలతో పెట్టే పళ్ళెం అది. ఆ పళ్ళెం కోసమే జనం ఈ కొట్టుకొస్తారు.

"క్యాలరీలు రాయాలన్న రూలు పెద్ద పెద్ద కంపెనీ హోటళ్ళకి. మన గుప్పెడు బల్లల కొట్లో రాయమని నీకెవరు చెప్పారు?"

నెరెయ్దా ఏదో చెప్పబోయి మింగేసింది. "ఎవరో చెప్పాలా?"

"నువ్వు పథ్యాల చదువు చదువుకుంది ఆసుపత్రిలో వాళ్ళకి చెప్పడానికి. అక్కడే చెప్పుకో."

"అక్కడ నా ముందు కూర్చునేవాళ్ళలో సగంమంది ఇక్కడ తినేవాళ్ళేనమ్మా. ఏం తిన్నావయ్యా అంటే, ఏముందమ్మా, ఏదో కాస్త, అంటారు. ఆ కాస్త ఎంతో వాళ్ళకి నిజంగానే తెలీదు. తెలిస్తే వాళ్ళే చూసుకుంటారు. నేను తినొద్దనలేదు. ఎంతో చెప్పానంతే."

"అంటే వాళ్ళ రోగాలన్నీ నా గరిటెలోంచి వచ్చాయా?"

"నేనలా అనలేదు."

"అనడమెందుకు, గోడకి రాశావుగా."

ఆ మాట తర్వాత తల్లీకూతుళ్ళిద్దరూ చాలాసేపు చెరో పక్కకి తిరిగి పనిచేసుకున్నారు. ఎదెల్మిరా పిండి పిసికింది. నెరెయ్దా గ్లాసులు తుడిచింది. తుడిచిన గ్లాసులే మళ్ళీ తుడిచింది. ఈ రోజు ఆసుపత్రికి సెలవు పెట్టింది. తల్లి కోపం తనొక్కతే పడాలనుకుని పెట్టిన సెలవు అది.

తలుపు దగ్గర బల్ల చవేలాది. నెరెయ్దాకి జ్ఞానస్నానం చేయించినప్పుడు ఒళ్ళో పట్టుకున్న మనిషి. వీధిలో ఏం జరిగినా ముందు ఆవిడ కాఫీలో పడాల్సిందే.

"వదినా, ఈ మూడు నాలుగు రోజులూ నువ్వుంటే పొట్ట పట్టుకుని నవ్వేదానివి," అంది చవేలా తీపిరొట్టె కాఫీలో ముంచుతూ. "ఇంటిపైకప్పులేసే కుర్రాడు లేడూ, ఆ పొడుగాటివాడు. బోర్డు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. గిసాదా పదకొండువందల యాభయ్యా, ఆవుని మొత్తం పెడుతున్నారా, అన్నాడు. ధరనుకున్నాడు పాపం."

ఎదెల్మిరా నవ్వలేదు.

"నీ కూతురు వాణ్ణి కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. అంతా విని వాడేమన్నాడో తెలుసా? అయితే అదే డబ్బుకి ఎక్కువ అంకె ఏదుందో అది పెట్టక్కా, సాయంత్రం దాకా ఎండలో ఉండాలి, అన్నాడు."

"చూశావా," అంది ఎదెల్మిరా కూతురి వీపుకేసి. "నీ చదువు వాడికి బాగా అక్కరకొచ్చింది."

"వాడు ఎండలో పొద్దంతా పనిచేస్తాడమ్మా. వాడికది సరైనదే," అంది నెరెయ్దా వెనక్కి తిరక్కుండానే.

"ఇక మన గుడి ఆడవాళ్ళు," చవేలా గొంతు తగ్గించింది. "ఈస్టరు ముందు ఉపవాసాల రోజులు కదా. అందరూ బోర్డుకేసి చూసి, ఎంతో పుణ్యంగా, నాగజెముడు కూర చెప్పారు. అన్నిట్లోకీ చిన్న అంకె దానిదే. తిన్నారు. ఆనక బెల్లంపాకంలో నానబెట్టిన రొట్టె ఉంటుందే, దాని అంకె చదవకుండా ఒక గిన్నె తెప్పించుకుని, అందరూ తలా ఒక చెంచా పట్టుకుని అడుగు గీకారు. నేను చదివి వినిపించబోతే నా నోరు మూశారు."

ఈసారి ఎదెల్మిరా పెదవి కొంచెం కదిలింది. కదిలిన పెదవిని వెంటనే బిగించింది.

"మరి తల దించుకున్నవాళ్ళ సంగతి చెప్పవే?"

చవేలా కాఫీలోకి చూసుకుంది.

"పొద్దున గుడ్డ కప్పకముందు నేనే చూశాను," అంది ఎదెల్మిరా. "ఆ లారీ నడిపే ఆయన. ఎప్పుడూ లోపలికొస్తూనే మీరా, వాసన గేటు దాకా కొడుతోంది, అని అరిచే మనిషి. ఇవాళ ఆ బోర్డు ముందు బడిపిల్లాడిలా నిలబడ్డాడు. మైదా రొట్టెలొద్దు, మొక్కజొన్న రొట్టెలు రెండు చాలు అన్నాడు. అని, నన్ను క్షమించమన్నట్టు చూశాడు. తింటున్నంతసేపూ తలెత్తలేదు. నా కొట్లో ఒక మనిషి తల దించుకుని తినడం ఎప్పుడైనా చూశావా చవేలా?"

చవేలా ఏనాడూ చూడలేదు.

మధ్యాహ్నానికి ఫిదెన్సియో వచ్చాడు. ఎదెల్మిరా భర్త. తోటల్లో కాయలు కోసే ముఠాకి మేస్త్రీగా బతుకంతా గడిపి, ఇప్పుడు మనవరాల్ని బడికి దింపడం, తేవడం తన ఉద్యోగం అంటాడు. టోపీ తీసి, కిటికీ పక్క బల్ల దగ్గర తన కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఏం కావాలో ఏనాడూ చెప్పలేదు. ఎదెల్మిరా అడగలేదు. పళ్ళెం దానంతటదే వచ్చి వాలేది.

ఇవాళ కూడా ఆవిడ గిసాదా పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది.

ఆయన పళ్ళేన్ని చూడలేదు. బల్ల అంచుని బొటనవేలితో రాస్తూ, "మీరా," అన్నాడు. "కోడిచారు ఉందా?"

"ఉంది."

"అది ఇస్తావా. అన్నం వెయ్యకుండా."

నెరెయ్దా చేతిలో గ్లాసు ఆగింది. చవేలా నమలడం మానేసింది. ఎదెల్మిరా పళ్ళెం వెనక్కి తీసుకుంది. లోపలికెళ్ళింది. చారు పోసింది. అన్నం వెయ్యలేదు. తెచ్చి పెట్టింది.

భర్త చారు తాగుతుంటే ఆ చప్పుడు వంటింట్లోకి వినబడింది. ఆ చప్పుడు ఆవిడ పెళ్ళయ్యాక ఎప్పుడూ వినలేదు. చారు తాగేది జ్వరం వచ్చిన వాళ్ళు. ఈ మనిషికి జ్వరంలో కూడా రొట్టె తుంచి గిసాదాలో ముంచి పెట్టిన చెయ్యి తనది.

*

మధ్యాహ్నం కొట్టు మూసి, వెనక ఉన్న ఇంటి వరండాలో పడక్కుర్చీలో వాలింది ఎదెల్మిరా. నిద్రపోదామనుకోలేదు. గాలి పూలవాసనని తెచ్చి మొహం మీద కప్పింది.

నిద్రలో ఆవిడ పదిహేడో వరుసలో నడుస్తోంది. రెండు పక్కలా నారింజ చెట్లు. ప్రతి వరుస మొదట్లో ఉన్న చెట్టు మొదలుకి సున్నంతో ఒక అంకె. చేతిలో మూతపెట్టిన బాల్చీ, బాల్చీలో గుడ్డకి చుట్టిన రొట్టెలు. తన వయసు ఇరవై కూడా లేదు. కాళ్ళకి చెప్పులు లేవు. నేల చల్లగా ఉంది.

ఇది కల అని కలలోనే తెలుస్తోంది. ఎందుకంటే ఇది జరిగిందే. అప్పట్లో తల్లి వండితే తను తోటల వెంట తిరిగి అమ్మేది. ముఠాలో ఒక నల్లటి కుర్రాడు రోజూ కొనేవాడు, మాట్లాడేవాడు కాదు. ఒకరోజు డబ్బులిస్తూ, "రేపు తొమ్మిది," అన్నాడు. ఏం తొమ్మిది అని ఇంటికొచ్చాక కూడా ఆలోచించింది. మర్నాడు తొమ్మిదో వరుసలో నిచ్చెన మీద కనబడ్డాడు. ఆ రోజు తింటూ, "రేపు పన్నెండు," అన్నాడు. అలా అంకెలతోనే పిలిచేవాడు. అక్షరం ముక్క రాదని తర్వాత తెలిసింది. చెట్లు, పెట్టెలు, వరుసలు, మనుషులు, అన్నీ ఆయనకి అంకెల్లోనే గుర్తు. పదిహేడో వరుసలో పెళ్ళి మాట అడిగాడు.

కలలో మాత్రం పదిహేడో వరుసలో నిచ్చెన ఖాళీగా ఉంది. చెట్టు మొదలుమీద సున్నపు అంకె ఊడి పూరేకుల్లా రాలిపోతోంది. ఎన్ని రాలినా కింద నేల తెల్లబడడం లేదు. బాల్చీ బరువెక్కుతోంది. ఎవరికి పెట్టాలో తెలియక అక్కడే నిలబడింది.

కళ్ళు తెరిచేసరికి ఎండ పసుపుపచ్చగా వరండా మెట్లదాకా వచ్చింది. మెట్టుమీద ఫిదెన్సియో కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో.

"కలవరించావు," అన్నాడు.

"ఏమన్నాను?"

"పదిహేడన్నావు."

ఆవిడ చీర కొంగులా భుజం మీద వేసుకునే శాలువా సర్దుకుంది. ఇద్దరూ తోటలకేసి చూశారు. పిట్ట ఏదో ఒకే ముక్క పదేపదే పాడుతోంది.

"నా వంట చేదెక్కిందా ఫిదే?"

"లేదు."

"మరి?"

ఆయన టోపీని మోకాలి మీద తిప్పాడు. "ఇన్నేళ్ళు నా పెళ్ళాం కొట్లో కూర్చున్నాను. బోర్డు మీద ఏం రాసుందో ఏనాడూ నాకు తెలీదు. ఇప్పుడు తెలిసింది. ఒక్కో అంకె దగ్గరకెళ్ళి నిలబడి చూశాను. అక్షరాలు నాతో మాట్లాడవు మీరా. అంకెలు మాట్లాడతాయి."

"నేను మాట్లాడతాను కదా."

"నువ్వు మాట్లాడతావు."

"నన్నడిగితే చెప్పేదాన్ని కదా, ఏది తినాలో, ఏది వద్దో."

ఫిదెన్సియో నవ్వాడు. మొహం ఆవిడవైపు తిప్పకుండానే నవ్వాడు. "నిన్నడిగితే అన్నీ తినమంటావు ముసలీ."

ఆవిడ కూడా నవ్వితే అక్కడితో పోయేదేమో. ఎదెల్మిరాకి నవ్వు రాలేదు. ఆయన అలా అన్నప్పుడు ఆ గొంతులో భయం లాంటిదేదో తగిలింది. అది తన మీద కోపమేమో అనుకుంది.

"నిన్ను వద్దన్నట్టు కాదు," అన్నాడు ఆయన కొంతసేపటికి.

"నేనడగలేదే."

"అడగలేదు. నేనే చెబుతున్నాను."

ఎండ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

*

తెల్లారేసరికి సముద్రం వైపునుంచి మంచు వచ్చి ఊరిమీద కూర్చుంది. వీధి దీపాలు ఆరలేదు. తాటిచెట్ల తలలు కనబడడం లేదు. మొదళ్ళు మాత్రం ఎవరో నిలబెట్టి మరిచిపోయినట్టున్నాయి.

ఎదెల్మిరా కొట్టు తీసి, బోర్డు మీంచి బల్లగుడ్డ లాగేసింది. పొయ్యి వెలిగించలేదు. అంకెలకేసి చూస్తూ నిలబడింది. ఆ మనిషితో అంకెలు మాట్లాడతాయి. తను పిలిస్తే వెనక్కి తిప్పిన పళ్ళెం, అంకె పిలిస్తే తీసుకుంటాడు.

గుడ్డ తడిపింది. గిసాదా పక్కనున్న అంకెని తుడిచింది. సుద్దముక్క తీసుకుని, కూతురి రాతని పోలినట్టు వంపులు తిప్పుతూ, నాలుగువందల యాభై అని రాసింది.

వెనక్కి జరిగి చూసుకుంది. తేడా ఏమీ తెలియలేదు. మంచులో ఎక్కడో రైలు కూసింది. ఆవిడకి ఎందుకో చిన్నప్పుడు గుడిలో కొవ్వొత్తి దొంగిలించినప్పటి వణుకు వచ్చింది. మోసం అనుకోలేదు. ఒక్క పూటేగా అనుకుంది. ఒక్క పూట ఆయన తన చేతి తిండి కడుపునిండా తింటే, రేపు కావాలంటే అంకె మార్చేయొచ్చు.

పొద్దున నెరెయ్దా ఆసుపత్రికి వెళ్ళింది. వెళ్ళేముందు కూతురు యారెలిని తాతతో ఆయన చిన్న ట్రక్కులో బడికి పంపింది. బోర్డు మీది అంకెలు చదవలేదు. గుడ్డ తీసేసి ఉండడం మాత్రం చూసి, తల్లి చెంప మీద ముద్దుపెట్టి, "థాంక్స్ అమ్మా," అంది. ఆ ముద్దు పెట్టినచోట ఎదెల్మిరాకి చాలాసేపు చురుకుమంటూనే ఉంది.

మధ్యాహ్నం జనం వచ్చారు, తిన్నారు, పోయారు. గిసాదా అంకె తగ్గిందని ఎవరో అన్నారు. లెక్క తప్పిందట, సరిచేశాం అంది ఎదెల్మిరా. అందరూ నమ్మారు. కొందరు మరీ సంతోషంగా నమ్మారు. లారీ ఆయన రాలేదు.

జనం పలచబడ్డాక ఫిదెన్సియో వచ్చాడు. చవేలా ఒక్కతే తన బల్ల దగ్గర కునుకుతోంది. మంచు ఇంకా పూర్తిగా విడవలేదు. కిటికీలోంచి వచ్చే వెలుతురు పాలలా ఉంది.

ఆయన కూర్చున్నాడు. టోపీ తీశాడు. బోర్డుకేసి తలెత్తి చాలాసేపు చూశాడు.

ఎదెల్మిరా చేతులు ఏప్రన్‌లో పెట్టుకుని నిలబడింది. కనిపెట్టేశాడనుకుంది. ఆయనకి అంకెలు మరుపురావు.

"మీరా, గిసాదా పక్కన ఎంతుంది?"

"కనబడుతోందిగా."

"వెలుతురు కళ్ళలో పడుతోంది."

ఆవిడ కిటికీకేసి చూసింది. ఎండ లేదు. ఉన్నా అది ఆయన వీపు మీద పడాలి.

"నాలుగువందల యాభై," అంది.

"పదకొండువందల యాభై కదా?"

"అమ్మాయి లెక్క తప్పింది. సరిచేశాం."

ఆయన మొహం వెలిగింది. తొమ్మిదో వరుసలో నిచ్చెన మీంచి తొంగిచూసిన కుర్రాడి మొహంలా వెలిగింది. "నిజంగానా?"

గోడమీద రాయడం సులువైంది. నోటితో చెప్పడం ఇంత కష్టమని ఎదెల్మిరా అనుకోలేదు. "నిజంగా," అంది.

"అయితే తీసుకురా. రొట్టెలు వేడిగా ఇవ్వు. ఎన్నాళ్ళయిందో అనిపిస్తోంది."

ఆవిడ వంటింట్లోకి వచ్చింది. పళ్ళెం తీసింది. గరిటె ముంచింది. వెనక తలుపు దగ్గర నెరెయ్దా నిలబడి ఉంది. ఆసుపత్రి గుర్తింపు బిళ్ళ ఇంకా మెడలోనే ఉంది. మధ్యాహ్నం తినడానికి వచ్చినట్టుంది. అంతా విన్నట్టు కూడా ఉంది.

"అమ్మా," అంది మెల్లగా. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "నువ్వు చెబితే నాన్న నమ్మాడమ్మా."

"నా తిండి నేను పెట్టుకుంటున్నాను."

"ఆ అంకెలు రాయమని నన్నడిగింది ఎవరో తెలుసా?"

గరిటెలోంచి పులుసు మళ్ళీ గిన్నెలోకి జారింది.

"నాన్నే. నువ్వు ఊళ్ళో లేనప్పుడు రాసెయ్యమన్నాడు. మీ అమ్మ పెట్టింది వద్దని నా నోటితో చెప్పలేను, అలా చెబితే ఆవిణ్ణే వద్దన్నట్టుంటుంది, గోడ చెబితే ఎవరూ చెప్పినట్టు కాదు, అన్నాడు. షుగరు ఎంతుందో నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు."

ఎదెల్మిరా పళ్ళెం గట్టుమీద పెట్టేసింది.

"మొదట చిన్నగా రాశాను," అంది నెరెయ్దా. తనలో తను మాట్లాడుకుంటున్నట్టు నెమ్మదిగా అంది. "ఇంకా పెద్దగా రాయమన్నాడు. తుడిచి మళ్ళీ రాశాను. ఇంకా పెద్దగా అన్నాడు. అంత పెద్దవి ఎందుకు నాన్నా అంటే, అందరికీ కనబడాలిగా అన్నాడు. అయిపోయాక బోర్డుకి ముక్కు ఆనించి, ఒక్కోదాన్నీ వేలితో తడిమాడు. వరసగా నాచేత చదివించుకున్నాడు. నేను మురిసిపోయానమ్మా. నా రాత చూసి ముచ్చటపడుతున్నాడనుకున్నాను."

తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకే మాట ఒకేసారి తట్టింది.

వంటింటికీ బల్లలకీ మధ్య ఉన్న కిటికీలోంచి చూశారు. ఫిదెన్సియో నీళ్ళగ్లాసు కోసం చెయ్యి చాచాడు. చెయ్యి గ్లాసు పక్కనుంచి వెళ్ళింది. ఆయన తొందరపడలేదు. వేళ్ళు బల్లమీద నెమ్మదిగా పాక్కుంటూ వచ్చి, గ్లాసుని తాకి, పట్టుకున్నాయి. ఇలా చాలాసార్లు చేసిన మనిషి చెయ్యి అది.

ఎదెల్మిరా తడిగుడ్డ తీసుకుని బయటికొచ్చింది. చప్పుడు చెయ్యకుండా గోడ దగ్గరకెళ్ళింది. బోర్డు మీది మొదటి వరుస తుడిచింది. రెండోది తుడిచింది. చవేలా కునుకులోంచి లేచి నోరు తెరిచింది. ఎదెల్మిరా వేలెత్తి ఆపింది. పేర్లు, అంకెలు, కూతురి రాత, తన రాత, అన్నీ గుడ్డలోకి వచ్చేశాయి. ఖాళీ బోర్డు తడిగా, నల్లగా మెరిసింది.

"ఫిదే," అంది పక్కకి జరిగి. "గిసాదా వేడవుతోంది. ఈలోపు ఆ బోర్డు నాకు చదివి వినిపించు. అంకెలు నీతో మాట్లాడతాయన్నావుగా, ఎలా మాట్లాడతాయో వింటాను."

"పైనుంచా?"

"పైనుంచి."

ఆయన మొహం బోర్డుకేసి ఎత్తాడు. కళ్ళు కొంచెం చికిలించాడు. గొంతు సవరించుకున్నాడు.

"పైన నాగజెముడు కూర, నూట ఎనభై. దాని కింద కోడిచారు, మూడువందల పది. అన్నంతో అయితే నాలుగువందల డెబ్బై, అది పక్కనే చిన్నగా రాసింది. తర్వాత చిక్కుడుగింజలు, రెండువందల నలభై. తర్వాత జున్నుపెట్టి చుట్టిన రొట్టెలు, ఎనిమిదివందల తొంభై."

ఒక్కో వరుసకీ తల కొంచెం కొంచెంగా కిందికి దించుతూ చదువుతున్నాడు. చిన్న తరగతి పిల్లాడు మెప్పు కోసం చదివినట్టు ముచ్చటగా చదువుతున్నాడు. నల్లటి బోర్డు మీద నీటిబొట్టు ఒకటి అడ్డదిడ్డంగా జారుతోంది. చవేలా రెండు చేతులతో నోరు మూసుకుంది.

"గిసాదా, నాలుగువందల యాభై. ఇది కొత్తది. అడుగున బెల్లంపాకం రొట్టె. అది చెప్పను, గుడి ఆడవాళ్ళు వింటారు."

ఎక్కడా తడబడలేదు. ఒక్క అంకె తప్పు పోలేదు.

"మీరా? సరిగ్గా చదివానా?"

ఎదెల్మిరా గుడ్డని గుప్పిట్లో పిండుతోంది. సుద్ద కలిసిన నీళ్ళు మణికట్టు మీదుగా మోచేతి దాకా కారుతున్నాయి.

"సరిగ్గా చదివావు," అంది.

ఆయన తృప్తిగా కుర్చీలో వెనక్కి వాలాడు. వాలినవాడు ఏదో గుర్తొచ్చి మళ్ళీ లేచాడు. "అయ్యో, బడి వదిలే వేళయింది. యారెలి గేటు దగ్గర చూస్తూ ఉంటుంది. ఇవాళ ఫ్రెండుని కూడా దింపాలి తాతా అంది. తీసుకొచ్చేసి తింటాను." జేబులోంచి ట్రక్కు తాళంచెవులు తీశాడు.

వంటింటి గుమ్మంలో నెరెయ్దా తలుపు పట్టుకుంది.

ఎదెల్మిరా వెళ్ళి భర్త చేతిమీద తన చెయ్యి వేసింది. తాళంచెవులు రెండు అరచేతుల మధ్య ఇరుక్కున్నాయి. జేబులో ఉండి వచ్చిన వేడి వాటికింకా పోలేదు.

"ఏంటి?" అన్నాడు ఫిదెన్సియో. మొహం ఆవిడ గొంతు వచ్చేవైపు, కొంచెం పక్కకి తిరిగి ఉంది.

ఇన్నేళ్ళలో ఈ మనిషికి ఎన్నో చెప్పింది ఎదెల్మిరా. ఇప్పుడు చెప్పాల్సిన మాట కోసం వెతికితే లోపల ఒక్కటే దొరికింది.

"నువ్వింకా తినలేదు," అంది.

"వచ్చాక తింటానన్నాగా."

అన్నాడే గాని, ఆయన చెయ్యి లాక్కోలేదు. ఆవిడ తియ్యలేదు.